బండికి దారి చూపే మనిషి: బెంగళూరు నిర్మాణ సైట్లలో సిగ్నల్‌మ్యాన్ శిక్షణకు సమగ్ర మార్గదర్శి

సర్జాపూర్ రోడ్డు, వైట్‌ఫీల్డ్, హెన్నూరు, కనకపుర రోడ్డు... బెంగళూరులో ఏ వైపు వెళ్లినా సగం లేచిన భవనాలే. అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు వైపు నుంచి వచ్చిన మనవాళ్లు లేని సైటు వాటిలో అరుదు. మేస్త్రీలుగా, కూలీలుగా, సూపర్‌వైజర్లుగా, భద్రతా అధికారులుగా అన్ని చోట్లా ఉంటారు. ఇక్కడి సైట్లలో తాపీ పనికి తాపీ తెలిసినవాడినే పెడతారు, వెల్డింగ్‌కు వెల్డరునే పిలుస్తారు. పాతిక టన్నుల మిక్సర్ బండి వెనక్కి వస్తున్నప్పుడు దాని వెనక నిలబడే పనికి మాత్రం ఎవరు ఖాళీగా కనిపిస్తే వారిని పిలుస్తారు. ఇటుకలు అందిస్తున్న కుర్రాడి చేతిలో ఈల పెట్టి "కాస్త ఆ బండి చూడు" అంటారు. ఆ అలవాటు మానుకోవాలన్నదే నా పట్టుదల. ఈ పనికి నేర్పు కావాలి, నేర్పించవచ్చు కూడా. ఎలా నేర్పించాలో భద్రతా అధికారులకు, సూపర్‌వైజర్లకు, ఈ పని నేర్చుకోవాలనుకునే వారికి వరసగా చెబుతాను.

ఈ మనిషిని కొన్ని సైట్లలో సిగ్నల్‌మ్యాన్ అంటారు, కొన్నిచోట్ల ఫ్లాగ్‌మ్యాన్, ట్రాఫిక్ మార్షల్, బ్యాంక్స్‌మన్ అంటారు. ఇక్కడ సిగ్నల్‌మ్యాన్ అనే వాడుతున్నాను.

మొదటి మెట్టు: మనిషి కన్నా ముందు సైటును సరిచేయండి

శిక్షణ మొదలుపెట్టే ముందు భద్రతా అధికారి చేయాల్సిన పని ఒకటుంది. సైటు పటం ముందు పెట్టుకుని, రోజూ ఏ బండి ఎక్కడ వెనక్కి తిరుగుతోందో గుర్తులు పెట్టాలి. ఒక్కో గుర్తు దగ్గరా "ఇక్కడ వెనక్కి రాకుండా పని జరుగుతుందా?" అని అడగాలి. ఒక గేటులో వచ్చి మరో గేటులో పోయే దారి ఇవ్వగలిగితే సగం ప్రమాదం అక్కడే తప్పుతుంది. రెండో గేటుకు చోటు లేకపోతే లోపల బండి చుట్టూ తిరిగి వచ్చేంత జాగా వదలాలి. కడ్డీల గుట్ట నాలుగు మీటర్లు జరిపితే ఆ జాగా దొరికే సైట్లు చాలా ఉన్నాయి.

నడిచేవారి దారి బండ్ల దారితో కలవకూడదు. బ్యారికేడ్ కట్టి వేరు చేయాలి, కూలీలకు వేరే గేటు ఉండాలి. మరుగుదొడ్లు, మంచినీళ్ల డ్రమ్ము, టీ తాగే చోటు బండ్ల దారికి అవతల ఉన్నాయంటే రోజంతా మనుషులు బండ్లకు అడ్డం పడుతూనే ఉంటారు. ఎన్ని ఈలలు వేసినా అది ఆగదు. ముందు ఆ డ్రమ్మును ఇవతలికి తీసుకురండి.

గేటు బయట రోడ్డు గురించి ఒక మాట. సైటు సిగ్నల్‌మ్యాన్‌కు ప్రజా రహదారి మీద వాహనాలను ఆపే అధికారం లేదు, అది పోలీసులది. బండి బయటికి వస్తున్నప్పుడు రోడ్డు ఖాళీ అయ్యేదాకా దాన్ని లోపలే ఆపి ఉంచడం అతని పని. రోడ్డు మీదికి దూకి చేతులు అడ్డంపెట్టి స్కూటర్లను ఆపడం అతని పని కాదు. రోడ్డు మీదే పని జరిగే చోట్ల, అంటే మెట్రో, పైపులైను, ఫ్లైఓవర్ పనుల దగ్గర, ట్రాఫిక్ పోలీసుల అనుమతితో ఏర్పాట్లు చేసుకోవాలి. అలాంటి చోట్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2014లో సవరించిన ఐఆర్‌సీ ఎస్‌పీ 55 మార్గదర్శకాలు ఉన్నాయి. ముందస్తు హెచ్చరిక బోర్డు ఎక్కడ మొదలవ్వాలి, దారి ఎక్కడ సన్నబడాలి, పని జరిగే చోటు తర్వాత మళ్లీ ఎక్కడ విప్పారాలి అన్నది అందులో బొమ్మలతో ఉంటుంది.

రెండో మెట్టు: ఎవరిని ఎంచుకోవాలి

18 ఏళ్లు నిండినవారే కావాలి. భవన నిర్మాణ కార్మికుల చట్టం కింద 1998లో వచ్చిన కేంద్ర నియమాలు, బరువులెత్తే యంత్రాలకు సంకేతాలిచ్చే వ్యక్తి 18 ఏళ్లు దాటినవాడు, సమర్థుడు, నమ్మదగినవాడు, ఆ పనిలోని ప్రమాదాలు తెలిసినవాడు అయి ఉండాలని, అతనికి వైద్య పరీక్షలు జరగాలని చెప్పాయి. ఆ నియమం క్రేన్ల వంటి వాటికే రాసినా, మీ సైటులో టిప్పర్ల దగ్గర నిలబడేవారికి కూడా అదే కొలత పెట్టండి.

కళ్లు, చెవులు పరీక్ష చేయించాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివారికి రాత్రి లైటు కర్రలతో పని ఇవ్వలేం. తిన్నగా చూస్తూనే పక్కనుంచి వచ్చేవారిని పసిగట్టగలగాలి. ఇవన్నీ డాక్టరు చూస్తారు. డాక్టరు చూడలేనిది మీరు చూడాలి: ఇతను పెద్దవారి మాటకు ఎదురు నిలిచి బండిని ఆపగలడా? ప్రాజెక్టు మేనేజరు కారు లోపలికి వస్తున్నా సరే, దారి ఖాళీగా లేకపోతే చెయ్యెత్తే మనిషి కావాలి. కండ బలం ఈ పనికి అక్కర్లేదు. మాటకారితనమూ అక్కర్లేదు. నా అనుభవంలో నెమ్మదస్తులైన ఆడవాళ్లు ఈ పనిని చాలా శ్రద్ధగా చేస్తారు. కూలి పనిలోంచి ఈ పనికి వారిని తీసుకురావడానికి ఎవరూ సంకోచించనక్కర్లేదు.

సిగ్నల్‌మ్యాన్‌కు ఆ షిఫ్టులో వేరే పని ఏదీ ఇవ్వకూడదు. గేటు దగ్గర చలాన్లు రాసుకోవడం, సిమెంటు బస్తాలు లెక్కపెట్టడం, ఫోనులో ఫొటోలు తీసి గ్రూపులో పంపడం వంటివి అతని మెడకు తగిలిస్తే అతను సిగ్నల్‌మ్యాన్ కానట్టే.

మూడో మెట్టు: డ్రైవరు సీటులో కూర్చోబెట్టండి

బోర్డు మీద బొమ్మలు గీసి డ్రైవరుకు కనిపించని చోట్ల గురించి గంటసేపు చెప్పవచ్చు. సీటులో పది నిమిషాలు కూర్చోబెడితే అంతకన్నా బాగా తెలుస్తుంది. నేర్చుకునే ప్రతి ఒక్కరినీ టిప్పరు ఎక్కించాలి. ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డు పెట్టి, తాళం చెవి శిక్షకుడి జేబులో ఉన్న తర్వాతే.

అతను సీటులో కూర్చున్నాక, మిగతావారు బండి చుట్టూ నెమ్మదిగా నడవాలి. తనకు కనిపించకుండా పోయిన చోటల్లా అతను "లేడు" అని అరవాలి. మళ్లీ కనిపించిన చోట "ఉన్నాడు" అనాలి. ఆ రెండు మాటల మధ్య నేల మీద, పునాదులకు గీతలు గీసే సున్నపు పొడితో గీత గీయండి. ఒక చుట్టు పూర్తయ్యేసరికి బండి చుట్టూ తెల్లటి గీతతో ఒక ఆకారం వస్తుంది. సీటులోంచి దిగి దాన్ని చూసిన మనిషి ముఖం మారుతుంది. వెనక భాగం కనిపించదని అందరూ ఊహించిందే. ముందు అద్దం కిందే మనిషి మాయమవుతాడని, ఎడమ వైపు తలుపు పక్కన ముగ్గురు నిలబడినా డ్రైవరుకు తెలియదని అప్పటిదాకా ఊహించి ఉండరు. మన బండ్లలో డ్రైవరు కుడి వైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ వైపు గుడ్డిదనం ఎక్కువ.

ఇదే పని హిటాచి (మట్టి తవ్వే యంత్రం) దగ్గర కూడా చేయించండి. అక్కడ లెక్క తిరగబడుతుంది. ఆపరేటరు క్యాబిన్ ఎడమ వైపు ఉంటుంది, బూమ్ (తవ్వే పొడవాటి చెయ్యి) అడ్డం రావడంతో కుడి వైపు కనిపించదు. వెనక బరువు దిమ్మ గిర్రున తిరిగినప్పుడు గోడకూ దానికీ మధ్య ఉన్న మనిషికి తప్పించుకునే వ్యవధి ఉండదు. తిరిగే వెనక భాగానికీ, గోడ లాంటి కదలని వస్తువుకూ మధ్య కనీసం అర మీటరు ఖాళీ ఉంచాలని బ్రిటన్ ఆరోగ్య, భద్రతా సంస్థ చెబుతుంది. ఆ ఖాళీలోకి ఎవరూ రాకుండా బ్యారికేడ్ కట్టడం కూడా అంతే అవసరం.

నాలుగో మెట్టు: ఒంటి మీద ఏముండాలి

మెరిసే చొక్కాకు ఐఎస్ 15809, హెల్మెట్‌కు ఐఎస్ 2925, బూట్లకు ఐఎస్ 15298 భారతీయ ప్రమాణాలు ఉన్నాయి. కొనేటప్పుడు ఆ గుర్తులు చూసుకోండి. అంతకన్నా ముఖ్యమైన సంగతి: సైటులో అందరూ నారింజ రంగు చొక్కాలే వేసుకుంటే, డ్రైవరుకు అద్దంలో నలుగురు నారింజ మనుషులు కనిపిస్తారు. ఎవరి చెయ్యి చూడాలి? సిగ్నల్‌మ్యాన్‌కు మరెవరూ వేసుకోని రంగు చొక్కా ఇవ్వండి, హెల్మెట్ కూడా వేరే రంగుది. ఎర్రమట్టి దుమ్ములో ఆ చొక్కా వారానికే మట్టిరంగు తిరుగుతుంది, వెండి పట్టీలు మెరవడం మానేస్తాయి. మనిషికి రెండు చొక్కాలు ఇస్తేనే ఒకటి ఉతుక్కోగలడు.

వర్షాకాలంలో చొక్కా మీద నల్ల రెయిన్‌కోటు తొడిగితే పడ్డ శ్రమంతా వృథా. మెరిసే పట్టీలున్న రెయిన్‌కోటే కొనాలి. గొడుగు పట్టుకుని సంకేతాలివ్వడం నిషేధం. పగటికి ఈల, ఎర్ర జెండా. రాత్రికి ఎరుపు, ఆకుపచ్చ లైటు కర్రలు. ఫోను జేబులో కాదు, కార్యాలయంలో ఉండాలి.

ఐదో మెట్టు: చేతి సంకేతాలు

మన సైట్లలో బండి పక్కన చేత్తో రెండుసార్లు కొట్టి "రైట్ రైట్" అనడం, "బర్లీ బర్లీ" అని కన్నడలో, "ఆనే దో" అని హిందీలో అరవడం అలవాటు. డ్రైవరు తమిళనాడు నుంచి వచ్చి ఉంటాడు, సిగ్నల్‌మ్యాన్ ఒడిశా నుంచి వచ్చి ఉంటాడు, పక్కన కాంక్రీటును కుదించే వైబ్రేటరు మోగుతూ ఉంటుంది. ఆ కేకలు ఎవరికి ఎంత వినబడ్డాయో దేవుడికే తెలియాలి. చేతులకు భాష అక్కర్లేదు. ఐరోపాలో 1992లో వచ్చిన 92/58 ఆదేశం ఒక సంకేతాల పట్టిక ఇచ్చింది. ఆ పట్టికే మొదలు పెట్టడానికి అనువైనది:

- మొదలు, నన్ను చూడు: రెండు చేతులూ భుజాల ఎత్తున అడ్డంగా చాపి, అరచేతులు ముందుకు.
- ఆపు: కుడి చెయ్యి నిటారుగా పైకి, అరచెయ్యి ముందుకు.
- అత్యవసరంగా ఆపు: రెండు చేతులూ పైకి, అరచేతులు ముందుకు.
- పని ముగిసింది: రెండు చేతులూ ఛాతీ ఎత్తున కలిపి పట్టుకోవడం.
- ముందుకు: రెండు మోచేతులూ వంచి, అరచేతులు పైకి, ముంజేతులు నెమ్మదిగా తన వైపుకు ఊపడం.
- వెనక్కి: మోచేతులు వంచి, అరచేతులు కిందికి, ముంజేతులు నెమ్మదిగా తన నుంచి అవతలికి నెట్టినట్టు ఊపడం.
- పక్కకు: ఏ వైపు పోవాలో ఆ చెయ్యి అడ్డంగా చాపి, అరచెయ్యి కిందికి, ఆ వైపుకే చిన్నగా కదపడం. కుడి ఎడమలు సిగ్నల్‌మ్యాన్‌వి.
- ఇంత దూరం: రెండు అరచేతుల మధ్య ఎడంతో చూపడం.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని శిక్షణలోనే విప్పాలి. సిగ్నల్‌మ్యాన్ బండికి ఎదురుగా ముందు నిలబడితే "ముందుకు" అంటే తన వైపుకు రావడం. చేతులు తన వైపుకు ఊగుతాయి, అర్థం కుదురుతుంది. అతను బండి వెనక వైపు ఉంటే, వెనక్కి వచ్చే బండి కూడా తన వైపుకే వస్తుంది. అప్పుడు ఏ సంకేతం చూపాలి? ఒకడు పట్టికలో ఉన్నట్టు అవతలికి నెడతాడు, మరొకడు రమ్మన్నట్టు తన వైపుకు ఊపుతాడు. డ్రైవరు సగం దారిలో తికమకపడతాడు. మీ సైటుకు ఒకే నియమం పెట్టి, గేటు దగ్గర బొమ్మతో పెద్ద బోర్డు కట్టండి. చేతులు తన వైపుకు ఊపితే "నా వైపుకు రా", అవతలికి నెడితే "నా నుంచి దూరంగా పో" అని పెట్టుకోవడం డ్రైవర్లకు తేలిగ్గా ఎక్కుతుందని నా అభిప్రాయం. ఏది పెట్టుకున్నా ప్రతి డ్రైవరుకూ లోపలికి వచ్చే ముందే చెప్పాలి. క్రేను పనికి మాత్రం క్రేను సంకేతాల పట్టిక వేరే ఉంటుంది, రెండింటినీ కలపకూడదు.

నేర్పేటప్పుడు మొదట బండి లేకుండా, ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టండి. ఒకరు సంకేతమిస్తే రెండోవారు బండిలా నడవాలి. మాట్లాడకూడదు. చేతులు పెద్దగా, నెమ్మదిగా, ఒంటికి ఎడంగా కదలాలి. పొట్ట ముందు చేతివేళ్లు ఆడిస్తే టిప్పరు అద్దంలో ఏమీ కనిపించదు. "ఆపు" సంకేతం ఇచ్చాక చెయ్యి దించే తొందర చాలామందికి ఉంటుంది. బండి పూర్తిగా ఆగేదాకా ఆ చెయ్యి పైనే ఉండాలి. ఈ ఒక్క అలవాటు పట్టుబడేదాకా రెండో పాఠానికి పోవద్దు.

ఆరో మెట్టు: ఎక్కడ నిలబడాలి

శిక్షణంతటిలో ప్రాణం ఇక్కడుంది. బండి వెనక ప్రమాదంలో ఉన్నవారిని కాపాడటానికి పెట్టిన మనిషే అందరికన్నా దగ్గరగా ఆ ప్రమాదంలో ఉంటాడు.

డ్రైవరు అద్దంలో తన ముఖం కనిపించే చోట, బండి వెళ్లే దారికి పక్కగా నిలబడాలి. సాధారణంగా డ్రైవరు వైపు వెనక మూల దిశలో, దారికి బయట. డ్రైవరు కళ్లు తనకు కనిపించకపోతే తాను డ్రైవరుకు కనిపించడం లేదని అర్థం. డ్రైవరుకు కూడా దీని జంట నియమం చెప్పాలి: సిగ్నల్‌మ్యాన్ అద్దంలోంచి మాయమైతే ఆ క్షణమే బ్రేకు వేయాలి. అతను మళ్లీ కనిపించి సంకేతమిచ్చేదాకా కదలకూడదు.

వెనక్కి అడుగులు వేస్తూ బండిని పిలవకూడదు. సైటులో నేల మీద కడ్డీ ముక్క, ఇటుక, నీళ్ల పైపు ఏదో ఒకటి ఉంటుంది. కాలు తట్టుకుని పడిన మనిషిని డ్రైవరు చూడలేడు. చోటు మారాలంటే బండిని ఆపి, నడిచి వెళ్లి, కొత్త చోట నిలబడి, మళ్లీ "మొదలు" సంకేతం ఇవ్వాలి. దీనికి ఎంతో సమయం పట్టదు. ఆలస్యమవుతోందని గొణిగే సూపర్‌వైజరుకు ఆ మాటే చెప్పండి.

దూరం లెక్క కూడా నేర్పండి. గంటకు 5 కిలోమీటర్ల వేగమంటే మనిషి నడక. కానీ అది సెకనుకు దాదాపు 1.4 మీటర్లు. డ్రైవరు చూసి, అర్థం చేసుకుని, కాలు బ్రేకు మీదికి తెచ్చేసరికి ఒక సెకను దాటుతుంది. ఆ తర్వాతే బ్రేకు పట్టడం మొదలవుతుంది. వేగం 10 కిలోమీటర్లయితే ఆ ఒక్క సెకనులోనే బండి 2.8 మీటర్లు వస్తుంది. తడి మట్టిలో బ్రేకు పట్టాక కూడా జారుతుంది. అందుకే బండికీ తనకూ మధ్య ఐదారు మీటర్లు ఉండాలని నేను నేర్పుతాను.

బండికీ కదలని వస్తువుకూ మధ్య ఎప్పుడూ నిలబడకూడదు. గోడ, స్తంభం, మట్టిగుట్ట, ఆగి ఉన్న మరో బండి ఏదైనా సరే. ప్రతి చోటా సంకేతం ఇవ్వకముందే "నేను ఎటు తప్పుకుంటాను?" అని చూసుకోవాలి. జవాబు లేకపోతే అది నిలబడే చోటు కాదు.

ఏడో మెట్టు: ఒక్కో బండి దగ్గర ఒక్కో తీరు

కాంక్రీటు పంపు దగ్గరికి మిక్సర్ వెనక్కి రావడం అన్నిటికన్నా శ్రద్ధగా నేర్పాల్సిన పని. పంపు తొట్టి కదలదు, మిక్సర్ వెనక భాగం దాని మీదికి వస్తుంది, ఆ రెండింటి మధ్యకు వచ్చి చూట్ (కాంక్రీటు జారే దోనె) సరిగ్గా తొట్టిలో పడుతుందో లేదో చూడాలని ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. కాంక్రీటు నీళ్లు కలిపిన గంటన్నర, రెండు గంటల్లో దించాల్సిన సరుకు. సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని వచ్చిన డ్రైవరు అప్పటికే తొందరలో ఉంటాడు. ఆ తొందరే మనుషులను ఆ సందులోకి తోస్తుంది.

చేయాల్సింది ఇది. చక్రాలు ఎక్కడ ఆగాలో ముందే కొలిచి, అక్కడ బరువైన చెక్క దిమ్మలు వేసి, అవి జారకుండా మేకులు కొట్టాలి. బండి దిమ్మలను తాకి ఆగుతుంది. ఆగాక హ్యాండ్‌బ్రేక్ వేయించి, "ముగిసింది" సంకేతమిచ్చి, అప్పుడే పంపు మనిషిని చూట్ దగ్గరికి రానివ్వాలి. అప్పటిదాకా పంపు మనిషి, వైబ్రేటరు మనిషి, ఇంజినీరు ఎవరూ మధ్యలో ఉండకూడదు. ఒక్కరు కనిపించినా చెయ్యి పైకి లేవాలి. రెండో మిక్సర్ పక్కనే వచ్చి నిలబడే పంపులకు రెండు దారులూ విడివిడిగా గీసి, ఒకసారికి ఒక్క బండినే కదిలించాలి.

బేస్‌మెంటు గొయ్యి అంచున టిప్పర్లు. తవ్విన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు లేదా గొయ్యి లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో వేయాలని కేంద్ర ప్రజాపనుల శాఖ భద్రతా నియమావళి చెబుతుంది. మట్టికే అంత దూరం కావాలంటే నిండు టిప్పరుకు ఇంకెంత కావాలో ఇంజినీరును అడిగి రాయించుకోవాలి. ఆ గీత దగ్గర అడ్డుదిమ్మ ఉండాలి, చెయ్యెత్తే మనిషి మాత్రమే చాలడు. వానలు పడ్డ మర్నాడు ఆ గీతను మళ్లీ చూడాలి, ఎర్రమట్టి అంచు ఎక్కడ నెర్రెలు విచ్చిందో వెతకాలి.

టిప్పరు తొట్టి పైకి లేచే ముందు సిగ్నల్‌మ్యాన్ తలెత్తి కరెంటు తీగలు చూడాలి. తీగల కింద తొట్టి లేపడం ఎంతమాత్రం కుదరదు. పొరపాటున తగిలితే డ్రైవరు లోపలే కూర్చోవాలి. సిగ్నల్‌మ్యాన్ బండిని ముట్టుకోకుండా అందరినీ దూరంగా పంపి, కరెంటు ఆపించాలి. బండికి మంటలు అంటుకుంటే తప్ప డ్రైవరు దిగకూడదు. దిగాల్సి వస్తే బండినీ నేలనూ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకి, కాళ్లు ఎడం చేయకుండా చిన్న చిన్న గెంతులతో దూరం జరగాలి.

హైడ్రా క్రేను గురించి గట్టిగా చెబుతాను. బరువు ముందు వేలాడుతూ ఉంటుంది, దాని వల్ల ఆపరేటరుకు దారి కనిపించదు. బరువు ఊగకుండా దాన్ని పట్టుకుని పక్కన నడిచే హెల్పరు ముందు చక్రం పక్కనే ఉంటాడు. బండి కాస్త తిరిగితే అతని కాలు చక్రం కింద. కాబట్టి బరువును చేత్తో పట్టుకోవడం నిషేధించి, పొడవాటి తాడు కట్టి దూరం నుంచి పట్టించాలి. బరువు నేలకు వీలైనంత దగ్గరగా ఉండాలి. సిగ్నల్‌మ్యాన్ ఆపరేటరుకు కనిపించేలా పక్కగా, చాలా ముందుగా నడవాలి. బరువుకూ బండికీ మధ్య ఎవరూ ఉండకూడదు. దూరం మోయాల్సిన సరుకుకు ట్రెయిలరు తెప్పించమని అడగండి. హైడ్రాను సైటు ఈ చివర నుంచి ఆ చివరకు బరువుతో తిప్పడం ఖర్చు తగ్గించే పనిలా కనిపిస్తుంది, కానీ మనుషుల కాళ్లతో తీరే ఖర్చు అది.

రాత్రి పని బెంగళూరులో తప్పదు. పగలు రద్దీ వేళల్లో భారీ వాహనాలపై ఆంక్షలు ఉండటంతో మట్టి, కాంక్రీటు బండ్లు ఎక్కువగా చీకటి పడ్డాకే వస్తాయి. సిగ్నల్‌మ్యాన్ మీద వెలుతురు పడాలి. అతని వెనక ఫ్లడ్‌లైటు ఉంటే డ్రైవరుకు నల్లటి నీడ తప్ప చేతులు కనిపించవు. లైటు స్తంభాన్ని రెండు మీటర్లు జరిపినా తేడా తెలుస్తుంది, సీటులో కూర్చుని చూసి సరిచేయండి. ఇంకో సంగతి: పక్క అపార్ట్‌మెంటువాళ్లు రివర్స్ హారన్ మోత భరించలేక ఫిర్యాదు చేస్తే, డ్రైవర్లు దాని తీగ తెంపేస్తారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా పరిమితులు కఠినం, ఇరుగుపొరుగు బాధలో న్యాయం ఉంది. కానీ రివర్స్ హారన్ ఉండాలని 1998 నియమాలే చెప్పాయి. బుస్సుమనే శబ్దం చేసే రకం హారన్లు దొరుకుతున్నాయి. వెనక ఉన్నవారికి బాగా వినబడతాయి, దూరం పోయేసరికి శబ్దం తగ్గిపోతుంది. కాంట్రాక్టులోనే ఆ షరతు రాయించండి.

ఎనిమిదో మెట్టు: డ్రైవరుతో ముందే మాట

గేటు దగ్గర బండి ఆగినప్పుడు సిగ్నల్‌మ్యాన్ కిటికీ దగ్గరికి వెళ్లి అర నిమిషం మాట్లాడాలి. "అన్నా, నా చెయ్యి మాత్రమే చూడు. నేను కనిపించకపోతే ఆపు. లోపల వేగం 10 దాటొద్దు. కిటికీ అద్దం దించి ఉంచు, పాటలు ఆపు" అన్న నాలుగు మాటలను తెలుగు, కన్నడ, తమిళం, హిందీల్లో తెలుగు లిపిలోనే రాసి చిన్న అట్టకు అంటించి జేబులో పెట్టండి. క్లీనరు దిగి తానూ చేతులు ఊపుతుంటే అతన్ని బండి ఎక్కించాలి, లేదా నడిచేవారి దారిలోకి పంపాలి. ఒక బండికి ఒకే మనిషి సంకేతాలిస్తాడు. "ఆపు" మాత్రం ఎవరిచ్చినా డ్రైవరు ఆపాలి, చివరికి టీ తెచ్చిన కుర్రాడు ఇచ్చినా సరే.

తొమ్మిదో మెట్టు: పరీక్ష పెట్టి పంపండి

తరగతిలో కూర్చున్నందుకు కార్డు ఇవ్వకండి. ఖాళీ జాగాలో, అనుభవమున్న డ్రైవరుతో, చెప్పకుండా ఆటంకాలు కల్పించి చూడండి. బండి వెనక్కి వస్తుండగా ఒక పక్కనుంచి ఖాళీ డ్రమ్మును దారిలోకి దొర్లించండి. ఇంకోసారి ఇంజినీరు చేత "పోనీ పోనీ" అని కేక వేయించండి. మరోసారి డ్రైవరును సంకేతం పట్టించుకోకుండా కొద్దిగా కదలమనండి. ఈ పరీక్షల్లో మనిషిని ఎప్పుడూ బండి దారిలోకి దింపకూడదు. ప్రతిసారీ వెంటనే చెయ్యెత్తి ఆపినవారే నెగ్గినట్టు. అన్నీ బాగా చేసి ఇంజినీరు కేకకు లొంగిపోయినవారికి ఇంకా శిక్షణ కావాలి. కొందరికి ఈ పని సరిపడదు. అది వారి తప్పు కాదు, వేరే పనికి పంపండి.

నెగ్గినవారికి ఏ ఏ బండ్ల దగ్గర పనిచేయవచ్చో హెల్మెట్ మీద గుర్తు అంటించండి. ఆరు నెలలకోసారి మళ్లీ సాధన చేయించండి. కొత్త దశ మొదలైనప్పుడల్లా, అంటే గొయ్యి పని ముగిసి పైకప్పుల పని మొదలైనప్పుడు, దారులు మారతాయి కాబట్టి సైటంతా మళ్లీ నడిపించి చూపండి. మనవాళ్లలో చాలామంది చేయని పని ఇంకొకటి ఇక్కడే చేయించండి: గడచిన 12 నెలల్లో 90 రోజులు నిర్మాణ పని చేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు కార్మికులు కర్ణాటక భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఊరు ఆంధ్రలో ఉందని వెనక్కి తగ్గనక్కర్లేదు.

పని మొదలయ్యాక

ఎండలో నిలబడి చూస్తూ ఉండే పని ఇది. రెండు గంటలు గడిచేసరికి కళ్లు చూస్తున్నా మనసు పట్టదు. ఒక్కో గేటుకు ఇద్దరిని పెట్టి మార్చుకోనివ్వండి. నీడ, నీళ్లు దగ్గర్లో ఉండాలి, కానీ కుర్చీ బండ్ల దారికి దూరంగా ఉండాలి.

తృటిలో తప్పిన ప్రమాదాన్ని సిగ్నల్‌మ్యాన్ నిర్భయంగా చెప్పే వీలుండాలి. "నువ్వు సరిగ్గా చూడలేదా?" అని మొదట అడిగితే రెండోసారి ఎవరూ చెప్పరు. ఆ మనిషి అక్కడికి ఎలా రాగలిగాడు, బ్యారికేడ్ ఎవరు తీశారు, ఎందుకు తీశారు అని అడగండి. ఆ రోజే ఆ చోట మార్పు చేసి, చెప్పినవారికి చూపించండి.

బండిని ఆపినందుకు సిగ్నల్‌మ్యాన్‌ను ఎవరూ మందలించకూడదని ప్రాజెక్టు మేనేజరు సంతకంతో తెలుగులో, కన్నడలో, హిందీలో రాయించి గేటు దగ్గర అంటించండి. అతను మూత్రానికి వెళ్లినా, భోజనానికి వెళ్లినా, జ్వరమొచ్చి రాకపోయినా, శిక్షణ ఉన్న మరో మనిషి వచ్చి ఆ చోట నిలబడేదాకా మిక్సర్ గేటు బయటే ఆగాలి. కాంక్రీటు గడువు దాటిపోతోందని ఫోను వస్తే, బండిని వెనక్కి పంపే నిర్ణయం ఇంజినీరుది. సిగ్నల్‌మ్యాన్ లేకుండా లోపలికి వదిలే అధికారం మాత్రం ఎవరికీ లేదు.